పోలీసు కాల్పులపై స్వతంత్ర దర్యాప్తు: అమెరికా రాష్ట్రాల చట్టాలు నిజంగా ఏం మార్చాయి?

అడిగిన ప్రశ్న ఇది: అమెరికాలో పోలీసులు ఒక మనిషిని కాల్చి చంపినప్పుడు, ఆ పోలీసు శాఖతో సంబంధం లేనివాళ్లే దర్యాప్తు చేయాలని చెప్పే చట్టాలు ఉన్నాయా? ఉంటే వాటివల్ల ఫలితం కనిపించిందా? అలాంటి చట్టాన్ని తెలుగు రాష్ట్రాలు కూడా తెచ్చుకోవచ్చా?

నేను గుంటూరులో నాలుగేళ్లు ప్రాక్టీసు చేసి, తరువాత విస్కాన్సిన్ రాష్ట్రానికి వచ్చి, పదహారేళ్లుగా ఇక్కడ క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫున వాదిస్తున్నాను. పోలీసు కాల్పుల దర్యాప్తు నివేదికలు చదవడం నా వృత్తిలో భాగం. కాబట్టి నాకు బాగా తెలిసిన విస్కాన్సిన్ చట్టాన్ని మధ్యలో పెట్టుకుని, మిగతా రాష్ట్రాలు దానికన్నా ఎక్కడ ముందుకు వెళ్లాయో, ఎక్కడ వెనకబడ్డాయో చెబుతాను.

చట్టాలు ఉన్నాయి, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. ఎంతమంది పోలీసులు జైలుకు వెళ్లారన్న లెక్కతో వాటిని కొలిస్తే నిరాశే మిగులుతుంది. ఆ రోజు ఏం జరిగిందో చనిపోయినవాడి తల్లిదండ్రులకు కాగితం మీద తెలిసే అవకాశం కలిగిందా అని కొలిస్తే మాత్రం ఫలితం ఉంది, అది చిన్నది కూడా కాదు.

ముందుగా ఇక్కడి పోలీసు వ్యవస్థ గురించి ఒక మాట చెప్పాలి. మన దగ్గర పోలీసు అంటే డీజీపీ నుంచి కానిస్టేబుల్ దాకా రాష్ట్రమంతటికీ ఒకే శాఖ. అమెరికాలో సుమారు 18,000 వేర్వేరు పోలీసు సంస్థలున్నాయి. ఊరి పోలీసులకు జీతమిచ్చేది ఊరి మునిసిపాలిటీయే. మన జిల్లా వంటి కౌంటీకి షెరిఫ్ అనే పోలీసు అధిపతి ఉంటాడు, ఆయన ఓట్లతో గెలిచి వస్తాడు. నేరారోపణ చేయాలా వద్దా అని నిర్ణయించే డిస్ట్రిక్ట్ అటార్నీ కూడా చాలా రాష్ట్రాల్లో ఎన్నికైనవాడే. ఆయన రోజువారీ కేసులన్నీ ఆ కౌంటీ పోలీసుల సాక్ష్యం మీదే నడుస్తాయి. ఊరి పోలీసు అధికారిని గవర్నర్ ఒక ఉత్తర్వుతో బదిలీ చేయలేడు. వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం పాత్ర అంతకన్నా తక్కువ: అధికారి ఉద్దేశపూర్వకంగానే ఎదుటివాడి రాజ్యాంగ హక్కును భంగపరిచాడని రుజువు చేయగలిగితేనే పౌరహక్కుల కేసు నిలుస్తుంది, ఆ రుజువు చాలా అరుదుగా దొరుకుతుంది. అందువల్ల పోలీసు కాల్పుల్లో ఏటా సుమారు వెయ్యిమంది చనిపోయే ఈ దేశంలో, దర్యాప్తు ఎలా జరగాలన్నది ప్రధానంగా యాభై రాష్ట్రాల శాసనసభల చేతిలో ఉన్న విషయం.

చట్టాలు రాకముందు చాలాచోట్ల పద్ధతి ఇలా ఉండేది. కాల్చిన అధికారి పనిచేసే శాఖలోని డిటెక్టివ్‌లే ఘటనాస్థలానికి వచ్చి, వాళ్లే కొలతలు తీసుకుని, సాక్షులను అడిగి, నివేదిక రాసేవారు. దాన్ని చదివిన డిస్ట్రిక్ట్ అటార్నీ కాల్పులు సమర్థనీయమేనని ఒక లేఖ ఇచ్చేవాడు. కంచే చేను మేసిందో లేదో కంచెనే అడిగి రాసుకోవడం వంటిది ఇది. డిటెక్టివ్‌లందరూ అబద్ధాలకోరులని నా ఉద్దేశం కాదు. వాళ్లలో నిజాయితీపరులను నేను చాలామందిని చూశాను. కానీ పదేళ్లు పక్క బల్ల మీద పనిచేసిన సహోద్యోగిని అడగవలసిన రెండో ప్రశ్న, అంటే మొదటి జవాబును అనుమానించే ప్రశ్న, నిజాయితీపరుడి నోటికి కూడా అంత తేలికగా రాదు.

విస్కాన్సిన్‌లో ఈ పద్ధతిని మార్చడానికి ఒక తండ్రి పదేళ్లు తిరిగాడు. 2004 నవంబరు 9న కెనోషా నగరంలో ట్రాఫిక్ తనిఖీగా మొదలైన పెనుగులాటలో, ఇరవయ్యొక్కేళ్ల కుర్రవాడిని అతని ఇంటి ముందే, తల్లి, చెల్లెలు చూస్తుండగా ఒక పోలీసు తలకు గురిపెట్టి కాల్చి చంపాడు. కుర్రవాడు నా తుపాకీ లాక్కుంటున్నాడని మరో అధికారి అరవడమే అందుకు కారణంగా చెప్పారు. తుపాకీని లాగింది కుర్రవాడి చెయ్యి కాదని, తుపాకీ ఒర కారు పక్క అద్దానికి చిక్కుకుని ఉంటుందని కుటుంబం వాదన. ఇలాంటి వాదనను తేల్చాలంటే వేలిముద్రలు, డీఎన్ఏ, కారు అద్దం, ఒర తెగిన తీరు, అన్నీ తీరిగ్గా చూడాలి. శాఖ మాత్రం తన అధికారుల తప్పు లేదని రెండు రోజుల్లోనే తేల్చేసింది. తండ్రి మైకేల్ బెల్ వైమానిక దళంలో లెఫ్టినెంట్ కల్నల్‌గా పనిచేసి రిటైరైన మనిషి. విమాన ప్రమాదం జరిగితే ఆ విమానం నడిపే దళమే తనను తాను విచారించుకోదు కదా, పోలీసులకు ఇదెలా చెల్లుతుంది అన్నది ఆయన వాదనకు మూలం. 2010లో సివిల్ దావాలో వచ్చిన 17.5 లక్షల డాలర్ల పరిహారంలో అధిక భాగాన్ని ఆయన పెద్దపెద్ద హోర్డింగుల మీద, పత్రికా ప్రకటనల మీద ఖర్చు చేశాడు. పోలీసులు ప్రాణం తీసినప్పుడు తీర్పు వాళ్లే చెప్పుకోవాలా అన్నది ఆ హోర్డింగుల మీది ప్రశ్న. రాష్ట్రంలో పోలీసు కమిషన్లు ఏర్పడిన 1885 నుంచి వెతికినా, కాల్పులు అన్యాయమని తేల్చిన ఒక్క నిర్ణయం కూడా తమకు దొరకలేదని ఆయన రాశాడు.

2014 ఏప్రిల్ 23న గవర్నర్ స్కాట్ వాకర్ సంతకం చేసిన యాక్ట్ 348 అలా వచ్చింది. అసెంబ్లీలో దాన్ని ముందుకు తెచ్చినవాళ్లలో ఒకరు రిపబ్లికన్, పూర్వాశ్రమంలో షెరిఫ్ కార్యాలయంలో పనిచేసిన గ్యారీ బీస్. మరొకరు మాడిసన్ నగరానికి చెందిన డెమొక్రాట్ క్రిస్ టేలర్. ఇప్పటి వాతావరణంలో ఇలాంటి జోడీ కుదురుతుందని నేను అనుకోను. పోలీసు కాల్పుల మరణాల్లో బయటి దర్యాప్తును తప్పనిసరి చేసిన తొలి రాష్ట్ర చట్టంగా దీనికి దేశమంతటా పేరు వచ్చింది.

చట్టం పాఠం రెండు పేజీలకు మించదు. అందులోని ప్రతి మాటకూ వెనుక ఒక బేరం ఉంది కనుక కొంచెం దగ్గరగా చూద్దాం. అధికారి చర్యవల్ల గానీ, చేయవలసినది చేయకపోవడంవల్ల గానీ నేరుగా సంభవించిన మరణం ఏదైనా దీని పరిధిలోకి వస్తుంది. తుపాకీ కాల్పులే కానక్కరలేదు. దర్యాప్తులో కనీసం ఇద్దరు అధికారులు ఉండాలి, వారిలో ఒకరు బృందానికి నాయకత్వం వహించాలి, ఆ ఇద్దరూ కాల్చిన అధికారి శాఖలో ఉద్యోగులు కాకూడదు. పూర్తి నివేదిక ఆలస్యం లేకుండా కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీకి చేరాలి. నేరారోపణకు ఆధారం లేదని ఆయన తేలిస్తే, దర్యాప్తు చేసినవాళ్లు ఆ నివేదికను ప్రజలకు విడుదల చేయాలి. అంతేకాక, డిస్ట్రిక్ట్ అటార్నీ నిర్ణయంతో సంబంధం లేకుండా న్యాయమూర్తి ముందుకు వెళ్లే దారి ఏమిటో చనిపోయినవారి కుటుంబానికి తెలియజేయాలి.

ఈ చట్టంలో లేనివి కూడా గమనించాలి. మొదటి ముసాయిదాలో ఉన్న సమీక్షా మండలి చివరికి తొలగిపోయింది. దర్యాప్తు చేసేది రాష్ట్ర న్యాయశాఖే కావాలని కూడా చట్టం అనదు. చాలా కేసులను ఆ శాఖలోని డివిజన్ ఆఫ్ క్రిమినల్ ఇన్వెస్టిగేషన్, అంటే మన సీఐడీ వంటి విభాగం, చేపడుతుంది. కానీ పక్క ఊరి పోలీసులు చేసినా చట్టానికి సరిపోతుంది. మిల్వాకీ చుట్టుపక్కల శాఖలు ఒక ఉమ్మడి బృందం పెట్టుకుని ఒకరి కేసులు ఒకరు దర్యాప్తు చేసుకుంటున్నాయి. చట్టం అక్షరానికి ఇందులో లోపం లేదు. అయితే ఈ ఏడాది నా కేసు నువ్వు చూసి, వచ్చే ఏడాది నీ కేసు నేను చూసే ఏర్పాటులో ఇచ్చిపుచ్చుకోవడాలకు చోటు ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

నా అనుభవంలో అసలు కీలకం దర్యాప్తు చేసే సంస్థ పేరులో లేదు, మొదటి ఆరేడు గంటల్లో ఉంది. కాల్పులు జరిగిన నిమిషాల్లో అక్కడికి చేరేది ఎప్పుడూ ఆ ఊరి పోలీసులే. బయటి బృందం రావడానికి ఒక గంట పట్టవచ్చు, పల్లె ప్రాంతాల్లో మూడు గంటలు పట్టవచ్చు. ఈలోగా ఏం జరిగిందన్నదే నేను నివేదికలో మొదట వెతుకుతాను. పద్ధతి ప్రకారం అక్కడికి వచ్చిన సార్జెంట్, కాల్చిన అధికారిని ప్రజల భద్రతకు అవసరమైన నాలుగైదు ప్రశ్నలు మాత్రమే అడగాలి: ఏ వైపుకు కాల్చావు, ఇంకెవరికైనా గాయమైందా, పారిపోయినవాళ్లున్నారా, కాపాడవలసిన సాక్ష్యం ఏదైనా ఉందా. ఎందుకు కాల్చావని అడగకూడదు. తరువాత ఆ అధికారిని మిగతావాళ్ల నుంచి వేరుచేసి, ఒక తోడు అధికారితో పంపాలి. ఒకరితో ఒకరు జరిగింది మాట్లాడుకోకూడదు.

బయటి బృందం వచ్చాక ఆ అధికారిని యూనిఫారంలో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తారు. చేతుల మీద గీతలు, చొక్కా మీద మరకలు, ఒర బొత్తాం తెగిందా లేదా అన్నవి అందులో పడాలి. తుపాకీని తీసుకుని, చాంబర్‌లో ఒకటి, మ్యాగజైన్‌లో ఇన్ని, బెల్టుకున్న అదనపు మ్యాగజైన్లలో ఇన్ని అని తూటాలు లెక్కపెడతారు. ఉండవలసిన సంఖ్యలోంచి ఉన్న సంఖ్య తీసేస్తే పేల్చినవెన్నో తెలుస్తుంది. నేల మీద పడిన ఖాళీ తూటా తొడుగుల పక్కన అంకెలున్న పసుపుపచ్చ గుర్తులు పెట్టి, ఒక్కోదానికీ దూరం కొలుస్తారు. తొడుగుల లెక్క, మ్యాగజైన్ లెక్క సరిపోకపోతే అందుకు కారణం నివేదికలో రాయాలి. నేను చదివిన ఒక నివేదికలో ఒక తొడుగు తక్కువైంది. అంబులెన్సు స్ట్రెచరు చక్రానికి అంటుకుని ఆసుపత్రి దాకా పోయిందని, అక్కడ నర్సు దాన్ని ఒక ప్లాస్టిక్ కప్పులో పెట్టి ఇచ్చిందని సగం పేజీ రాశారు. చదివేవాడికి నమ్మకం కలిగించేది ఇలాంటి సగం పేజీలే. అదే ఏళ్ల నాటి మరో నివేదికలో, శాఖ తనంతట తాను దర్యాప్తు చేసుకున్నదానిలో, ‘తూటాలు సేకరించబడినవి’ అని ఒక్క వాక్యం ఉంది.

ఇక్కడ మనవాళ్లకు కొత్తగా అనిపించే ఒక న్యాయసూత్రం ఉంది. 1967లో గారిటీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, జవాబు చెప్పకపోతే ఉద్యోగం పోతుందని బెదిరించి పోలీసు నుంచి రాబట్టిన వాంగ్మూలాన్ని అతని మీద క్రిమినల్ కేసులో వాడకూడదు. దీనివల్ల శాఖాపరమైన విచారణ, క్రిమినల్ దర్యాప్తు మధ్య గోడ కట్టవలసి వచ్చింది. బలవంతపు వాంగ్మూలంలో ఉన్న మాట క్రిమినల్ దర్యాప్తు అధికారి చెవిన పడితే కేసే దెబ్బతింటుంది. విస్కాన్సిన్ చట్టం శాఖాపరమైన విచారణను ఆపలేదు. క్రిమినల్ దర్యాప్తుకు అడ్డుతగలకూడదని మాత్రం చెప్పింది. ఫలితంగా, కాల్చిన అధికారి క్రిమినల్ దర్యాప్తుకు స్వచ్ఛందంగానే మాట్లాడాలి. న్యాయవాదిని పక్కన పెట్టుకుని, ఒకటి రెండు రాత్రులు నిద్రపోయాక, చాలాచోట్ల తన బాడీ కెమెరా వీడియో చూసుకున్న తరువాతనే మాట్లాడతాడు. ముద్దాయిల తరఫు న్యాయవాదిగా చెబుతున్నాను: మౌనంగా ఉండే హక్కు ఎవరికైనా ఒకటే, దాన్ని పోలీసుకు కాదనమని నేను అనను. కానీ అదే రాత్రి అక్కడున్న సాక్షిని నిద్రలేకుండా తెల్లవారేదాకా కూర్చోబెట్టి ప్రశ్నించడం, అధికారికి వీడియో చూపించి సావధానంగా అడగడం ఒకే నివేదికలో పక్కపక్కన కనిపించినప్పుడు, ఆ తేడా కుటుంబం కంటికి ఆనకుండా పోదు.

చట్టానికి తొలి పరీక్ష సంతకమైన వారానికే వచ్చింది. 2014 ఏప్రిల్ 30న మిల్వాకీ నడిబొడ్డున రెడ్ ఆరో పార్కులో నిద్రపోతున్న, మానసిక అనారోగ్యంతో బాధపడుతున్న ఒక నల్లజాతి వ్యక్తి గురించి పక్కనున్న కాఫీ దుకాణం నుంచి ఫోను వెళ్లింది. ముందు వచ్చిన ఇద్దరు అధికారులు అతను తప్పేమీ చేయడం లేదని వెళ్లిపోయారు. తరువాత వచ్చిన మరో అధికారి అతని ఒళ్లు తడిమి సోదా చేయబోగా పెనుగులాట జరిగింది. అధికారి లాఠీ అతని చేతిలోకి వెళ్లింది. అధికారి పద్నాలుగు సార్లు కాల్చడంతో అతను చనిపోయాడు. దర్యాప్తు రాష్ట్ర న్యాయశాఖ చేసింది, కానీ బృందంలో కొందరు మిల్వాకీ పోలీసు శాఖలోనే ఇదివరకు పనిచేసినవాళ్లని తేలింది. ఆ శాఖలో ప్రస్తుతం ఉద్యోగి కాకూడదని చట్టం అంటుంది గానీ, నిన్నటిదాకా ఉద్యోగి కాకూడదని అనదు. సోదా చేసిన తీరు శాఖ నియమాలకు విరుద్ధమని అక్టోబరులో పోలీసు చీఫ్ ఆ అధికారిని ఉద్యోగం నుంచి తొలగించాడు. డిసెంబరు 22న డిస్ట్రిక్ట్ అటార్నీ నేరారోపణ చేయనని ప్రకటించాడు. అయితే నివేదిక బయటికి వచ్చింది కాబట్టి ఆ నిర్ణయంతో ఎక్కడ విభేదించాలో కుటుంబానికి, పత్రికలకు స్పష్టంగా తెలిసింది. అంతకు పదేళ్ల ముందు కెనోషా తండ్రికి ఆపాటి కూడా దక్కలేదు.

న్యాయమూర్తి ముందుకు వెళ్లే దారిని కుటుంబానికి చెప్పాలన్న నిబంధనను చాలామంది లాంఛనంగా చూస్తారు. 2021లో అది లాంఛనం కాదని తేలింది. 2016లో వావటోసా అనే శివారు పట్టణంలో, రాత్రివేళ పార్కులో ఆపి ఉన్న కారులో ఒక వ్యక్తి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. డిస్ట్రిక్ట్ అటార్నీ కేసు పెట్టలేదు. కుటుంబం ‘జాన్ డో’ అని పిలిచే పాత పద్ధతిలో న్యాయమూర్తిని ఆశ్రయించింది. ఆయన స్వయంగా సాక్షులను విని, నేరం జరిగిందని నమ్మడానికి కారణం ఉందని 2021 జులైలో చెప్పి, ప్రత్యేక ప్రాసిక్యూటర్లను నియమించాడు. వాళ్లు మరుసటి ఏడాది, జ్యూరీ ముందు ఈ కేసును నెగ్గించలేమని వెనక్కి తగ్గారు. మన పాత సీఆర్పీసీలోని ప్రైవేటు ఫిర్యాదు తెలిసినవాళ్లకు ఈ కథ ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో కొత్త కాదు.

చట్టంలోని పెద్ద లోపం మళ్లీ కెనోషాలోనే బయటపడింది. 2020 ఆగస్టు 23న జేకబ్ బ్లేక్ అనే నల్లజాతి వ్యక్తిని ఒక అధికారి వెనుక నుంచి కాల్చాడు. అతను బతికాడు, కాళ్లు చచ్చుబడ్డాయి. చట్టం మరణాలకే వర్తిస్తుంది. బతికినవాడికి బయటి దర్యాప్తు హక్కుగా రాదు. దేశమంతా అట్టుడుకుతున్న సమయం కాబట్టి రాష్ట్ర న్యాయశాఖే దర్యాప్తు చేసింది, మాడిసన్ మాజీ పోలీసు చీఫ్ నోబుల్ రేను స్వతంత్ర సలహాదారుగా పెట్టి ఫైలు సమీక్ష చేయించారు. 2021 జనవరి 5న డిస్ట్రిక్ట్ అటార్నీ నేరారోపణ లేదన్నాడు. ఆ సమీక్షంతా పరిస్థితుల ఒత్తిడి వల్ల జరిగింది. అంత గొడవ జరగని ఊళ్లో, వెన్నులో తూటాతో బతికిన మనిషి కేసును శాఖే చూసుకున్నా ఈ చట్టం అడ్డుపడదు.

మిగతా రాష్ట్రాల్లో ఇల్లినాయి మార్గం విస్కాన్సిన్‌కు దగ్గరగా ఉంటుంది. అక్కడ కూడా బయటి శాఖకు చెందిన ఇద్దరు దర్యాప్తు అధికారులు ఉండాలన్న నియమం 2016 నుంచి అమల్లో ఉంది. న్యూయార్క్ దారి వేరు. 2014లో న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలండ్‌లో పోలీసు మెడ బిగించి పట్టుకోగా ఎరిక్ గార్నర్ అనే వ్యక్తి మరణించిన తరువాత, 2015 జులైలో గవర్నర్ ఆండ్రూ క్యూమో 147వ కార్యనిర్వాహక ఉత్తర్వు ద్వారా నిరాయుధుల మరణాల కేసులను స్థానిక డిస్ట్రిక్ట్ అటార్నీల నుంచి తీసి రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్‌కు అప్పగించాడు. 2020లో శాసనసభ దాన్ని చట్టంగా మార్చి, ఆయుధం ఉందా లేదా అన్న తేడాను తొలగించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అది అమలవుతోంది. ఇందులో మారింది దర్యాప్తు చేసే చెయ్యి ఒక్కటే కాదు, నేరారోపణ చేసే చెయ్యి కూడా. న్యూజెర్సీ 2019 జనవరి చట్టం ఇంకో అడుగు వేసి, ఇలాంటి మరణాలను అటార్నీ జనరల్ గ్రాండ్ జ్యూరీ, అంటే నేరారోపణ చేయాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, ముందు పెట్టాలని ఆదేశించింది. ప్రాసిక్యూటర్ ఒక్కడే తన గదిలో కూర్చుని ఫైలు మూసేయడానికి వీల్లేకుండా చేసింది.

కాలిఫోర్నియా 2020లో చేసిన ఏబీ 1506 చట్టం పేరు ఎక్కువగా వినిపిస్తుంది, పరిధి మాత్రం ఇరుకైనది. ప్రాణాంతక ఆయుధం లేని వ్యక్తి పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడే అటార్నీ జనరల్ రంగంలోకి దిగాలి. చనిపోయినవాడి చేతిలో కత్తి ఉందని చెబితే, కేసు మళ్లీ కౌంటీకే పోతుంది. చేతిలో ఏముందన్నదే చాలా కేసుల్లో అసలు వివాదం కాబట్టి, ఆ వివాదం తేలకముందే దానిమీద ఆధారపడి పరిధిని నిర్ణయించడం నాకు నచ్చదు. నివేదికలు రావడానికి పడుతున్న కాలం గురించి కూడా అక్కడ కుటుంబాలు గట్టిగానే ఫిర్యాదు చేస్తున్నాయి.

మేరీలాండ్ అనుభవం నుంచి నేర్చుకోవలసింది ఎక్కువ. 2021 అక్టోబరు నుంచి అటార్నీ జనరల్ కార్యాలయంలోని ప్రత్యేక విభాగం దర్యాప్తు చేసేది, నేరారోపణ నిర్ణయం మాత్రం కౌంటీ ప్రాసిక్యూటర్‌కే ఉండేది. రెండేళ్లలోనే ఆ విభజన సరిపోలేదని గ్రహించి, 2023 అక్టోబరు నుంచి నేరారోపణ అధికారాన్ని కూడా అటార్నీ జనరల్‌కు ఇచ్చారు. శాఖాపరమైన విచారణల్లో పోలీసులకు ప్రత్యేక రక్షణలిచ్చే హక్కుల పత్రాన్ని దేశంలో మొదట చట్టంగా చేసినదీ, 2021లో మొదట రద్దు చేసినదీ మేరీలాండే.

వాషింగ్టన్ రాష్ట్రంలో సమస్య మరో చోట ఉండేది. అధికారి ద్వేషభావంతో కాల్చాడని రుజువు చేయాలన్న పాత నిబంధన వల్ల అక్కడ నేరారోపణ దాదాపు అసాధ్యమయ్యేది. 2018 నవంబరులో ప్రజలు నేరుగా ఓటు వేసి ఆమోదించిన ఐ-940 అనే ప్రతిపాదన ఆ అడ్డును తొలగించే దారి తెరిచి, స్వతంత్ర దర్యాప్తును తప్పనిసరి చేసింది. 2021లో గవర్నర్ కార్యాలయం పరిధిలో ప్రత్యేక దర్యాప్తు కార్యాలయాన్నే ఏర్పాటు చేశారు. పోలీసుల అనుభవం లేనివారిని కూడా దర్యాప్తు అధికారులుగా తీర్చిదిద్దాలన్నది అందులోని ఆలోచన. దాన్ని నిలబెట్టడానికి చాలా సమయం పట్టింది. హత్యాస్థలాన్ని చదవడం పుస్తకంతో వచ్చే విద్య కాదు మరి.

ఇంత చెప్పాక కూడా నేరారోపణలు ఎందుకు అరుదు? ఈ చట్టాలన్నీ ఎవరు చూడాలి అన్నదాన్ని మార్చాయి. దేనితో కొలవాలి అన్నదాన్ని చాలావరకు మార్చలేదు. 1989లో గ్రాహం కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలత ఇప్పటికీ పునాది: ఆ క్షణంలో, ఆ స్థలంలో ఉన్న ఒక సహేతుకమైన అధికారి కంటికి అది సబబుగా కనిపించిందా అన్నదే ప్రశ్న, తరువాత తెలిసిన నిజాలతో వెనక్కి చూసి కాదు. చేతిలో ఉన్నది ఫోనని తరువాత తేలినా, ఆ అర సెకనులో తుపాకీ అనిపించడం సహజమేనని జ్యూరీకి అనుమానం కలిగితే చాలు. రాష్ట్రాలు కావాలంటే తమ క్రిమినల్ చట్టంలో ఇంతకన్నా గట్టి కొలత పెట్టుకోవచ్చు. కాలిఫోర్నియా 2019లో ప్రాణాంతక బలం అవసరమైనప్పుడే వాడాలన్న భాష తెచ్చింది. కొలత అలాగే ఉంచి దర్యాప్తు సంస్థను మాత్రమే మార్చినచోట, ఎక్కువగా వచ్చేది అదే నిర్ణయం, కాకపోతే మెరుగైన కాగితంతో. ఆ కాగితానికి విలువ లేదని నేను అనను. సివిల్ దావాలో, శాఖ నియమాల సవరణలో, ఉద్యోగం నుంచి తొలగింపులో, చివరికి కౌంటీ ఎన్నికల్లో దాన్నే చేత పట్టుకుని అడుగుతారు. అందుకే ఈ చట్టాల్లో అన్నిటికన్నా విలువైన నిబంధన ఏదని నన్నడిగితే, కేసు లేదన్నప్పుడు నివేదిక బయటపెట్టాలన్నదే అంటాను.

ఇక చివరి ప్రశ్న, తెలుగు రాష్ట్రాల సంగతి. ఈ చర్చ మనకు కొత్తది కాదు. దేశంలో దానికి పురుడు పోసిందే మన ప్రాంతం. ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లపై పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదుల నుంచే జాతీయ మానవ హక్కుల కమిషన్ నిర్దేశాలు పుట్టాయి. 1997 మార్చిలో ఆ కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య వాటిని అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ పంపారు. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మరణం ప్రతిదానిలోనూ కేసు నమోదు చేయాలని, ఆత్మరక్షణ వాదన తేలవలసింది కోర్టు విచారణలోనేనని చెప్పింది. సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది. 2014 సెప్టెంబరు 23న, విస్కాన్సిన్ చట్టం వచ్చిన సరిగ్గా ఐదు నెలలకు, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఎఫ్ఐఆర్ తప్పనిసరి, మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి, అనుమానం తీరేదాకా వరుస తప్పించి పదోన్నతులు, సాహస పురస్కారాలు ఇవ్వకూడదు, దర్యాప్తును సీఐడీ గానీ మరో పోలీసు స్టేషను బృందం గానీ చేయాలి.

లొసుగు ఆ ‘మరో పోలీసు స్టేషను’ దగ్గరే ఉంది. విస్కాన్సిన్‌లో పక్క ఊరి పోలీసు అంటే వేరే యజమాని, వేరే జీతం. మన దగ్గర పక్క స్టేషను అంటే అదే జిల్లా ఎస్పీ, అదే డీజీపీ, అదే హోంమంత్రి. ఇక్కడి చట్టాన్ని అక్కడికి అలాగే తీసుకెళ్తే స్వతంత్రత కాగితం మీదే మిగులుతుంది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ హత్యాచారం కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు దర్యాప్తు రాష్ట్ర పోలీసుల ప్రత్యేక బృందానికే వెళ్లింది. పూర్తి చిత్రం బయటికి రావడానికి సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ కావలసి వచ్చింది. ఆ కమిషన్ పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది, 2022 మేలో నివేదిక బహిరంగమైంది. కానీ అన్ని కేసులకూ సుప్రీంకోర్టు కమిషన్ వేయదు.

పోలీసు వ్యవస్థ రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలోని అంశం. దర్యాప్తు సంస్థ ఏర్పాటుకు శాసనసభ చట్టం చేయవచ్చు. క్రిమినల్ ప్రక్రియ ఉమ్మడి జాబితాలోది కనుక కేంద్ర చట్టంతో ఘర్షణ పడే నిబంధనలకు మాత్రం రాష్ట్రపతి ఆమోదం అవసరమవుతుంది. అలాంటి బిల్లు రాయమంటే, దర్యాప్తు విభాగాధిపతి డీజీపీకి కాక హైకోర్టు మాజీ న్యాయమూర్తి నాయకత్వంలోని సంస్థకు జవాబుదారీగా ఉండాలని రాస్తాను. ఘటనాస్థలాన్ని తాడు కట్టి కాపలా కాయడం తప్ప స్థానిక పోలీసులు మరేమీ చేయకూడదని, పంచనామా బయటి బృందం వచ్చాకే జరగాలని రాస్తాను. కేసు మూసేస్తే ముప్పై రోజుల్లో నివేదిక తెలుగులో కుటుంబానికి అందాలని, వెబ్‌సైట్‌లో పెట్టాలని రాస్తాను.

ఒక్క విషయంలో మాత్రం మన సుప్రీంకోర్టు మార్గదర్శకాలు విస్కాన్సిన్ చట్టం కన్నా ముందున్నాయి. పోలీసు కాల్పుల్లో తీవ్రంగా గాయపడినవారి కేసులకు కూడా అవే నియమాలు వీలైనంతవరకు వర్తిస్తాయని అందులో ఉంది. కాళ్ల మీద కాల్చడం మామూలు సంగతి అయిపోతున్న రోజుల్లో, బిల్లులోకి ఆ వాక్యాన్ని తెచ్చుకుని, ‘వీలైనంతవరకు’ అన్న మాటను కొట్టేయాలి.